గొలుసమ్మ, ఆమె మరిది

కొన్నాళ్ళుగా కోటలో ఎవరి కంటిమీదా కునుకు లేదు. తెల్లజెండాల సేన నది దాకా వచ్చేసిందని ఒకరంటే, ఇంకా అడవే దాటలేదని ఇంకొకరు. కాపలా దిగినవాళ్ళు కూడా చెప్పులు విప్పకుండా గోడలకి ఆనుకుని కూర్చునేవాళ్ళు. వంటశాలలో గరిటె కింద పడితే చాలు, అందరి చేతులూ ఈటెల కోసం తడుముకునేవి.

గొలుసమ్మ కూర్చోవడం కూడా మానేసింది. కాలు కాలిన పిల్లిలా చక్రం గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూనే ఉంది.

లోయ మీది వంతెన ఆమె అధీనంలో ఉంటుంది. దించితే వంతెన, ఎత్తితే కోట తలుపు. దాని రెండు గొలుసులూ గోడలోంచి కిందికి దిగి నేలమాళిగలోని పెద్ద చక్రానికి చుట్టుకుంటాయి. పైన బూర మోగితే కింద చక్రం తిరగాలి. దించడానికి ఒక మీట తీస్తే చాలు. ఎత్తడానికే ప్రాణం పోతుంది. ఆ పని చేసేవాడు బండోడు. కొండజాతివాడు. నిటారుగా నిలబడితే తల దూలానికి తగులుతుంది కాబట్టి ఏళ్ళతరబడి వంగే బతికాడు. మాటలు తక్కువ. ఓ ఉప్పురాయి చేతిలో పెడితే దాన్ని నాకుతూ, లోయంతా వినపడేలా గురక పెట్టేవాడు.

ఆ బండోడిని తీసుకుపోతారన్న వార్త వంటశాల నుంచి వచ్చింది. తెచ్చింది గయ్యాళి. నోరు పెద్దది కాబట్టి ఆ పేరు. చక్రం దగ్గర పనిచేసే గొలుసమ్మ గుంపులో అందరికంటే బలమైన భుజాలు కూడా ఆమెవే.

"మీ మరిది అడిగాడంట. నది దగ్గర ముందు నిలబెట్టుకోడానికి మన బండోడు కావాలంట. ముసుగు దొర సరేనన్నాడంట," అంది రొప్పుతూ.

"అనలేదు. నన్ను పిలవకుండా ఎలా అంటాడు?"

"పిలుస్తున్నాడు. అది చెప్పడానికే వచ్చా."

వాళ్ళందరి ఏలిక, నిద్రపోని రాజుగారి తరఫున గబ్బిలం మీద ఎగిరి వచ్చినవాడు ముసుగు దొర. అతని మొహం ఎవరూ చూడలేదు. కోటకి పెద్దగా ఉన్నవాడు జ్వరంతో పోయాడు కాబట్టి ఆ పీఠం ఎవరికివ్వాలో తేల్చే పని కూడా అతనిదే. పోటీలో ఉన్నది ఇద్దరు. వంతెన చూసే గొలుసమ్మ, అడవిపందుల దళానికి నాయకుడైన ఆమె మరిది. పీఠం దక్కినవాళ్ళు గోడల వెనక ఉంటారు. దక్కనివాళ్ళు ముందువరుసలోకి పోతారు. ముందువరుస నుంచి తిరిగి వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అదీ ఒక చేతి వేళ్ళ మీద.

ధాన్యపు కొట్టులో బస్తాల మీద పలక వేయించుకుని కూర్చున్నాడు దొర. మరిది అప్పటికే అక్కడున్నాడు. ఒంటినిండా పందుల వాసన, వాళ్ళ జాతి అందరిలాగే పెదవి దాటిన కోరలు, కుడిదానికి ఇత్తడి కట్టు. ఆమెని చూసి లేచి పక్కకి జరిగాడు.

"రండి, వదినగారూ."

ఒకప్పుడు "వదినా, ఏం వండావు?" అంటూ గిన్నెల మూతలెత్తిన కుర్రాడే. వాళ్ళన్న పోయినప్పటి నుంచి మీరు, గారు మొదలుపెట్టాడు. ఆ మర్యాద చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలేది ఆమెకి.

"బండోడు లేకపోతే వంతెన వేళకి లేవదు దొరా," అంది గొలుసమ్మ. "మా గుంపంతా కలిసి తోసినా చక్రం నత్తలా కదులుతుంది. శత్రువు గుర్రాలు నత్తల్లా రావు కదా."

"శత్రువు వంతెన దాకా రాకుండా చూడ్డానికే అడుగుతున్నా," అన్నాడు మరిది. "వాళ్ళ గుర్రాలు కొండోళ్ళని చూస్తే బెదురుతాయి. పోయినసారి మా ముందు ఒక్క కొండోడున్నా సగంమంది బతికేవాళ్ళు."

"పోయినసారి అంటున్నావు, బాగానే గుర్తుందే!"

"నాకు గుర్తుండకేం. నేను బయటున్నా కదండీ."

పోయినసారి ఏం జరిగిందో కోటంతటికీ తెలుసు. దళం ఓడి పరిగెత్తి వస్తుంటే బూర మోగింది, కింద చక్రం తిరిగింది, వంతెన లేచింది. అవతలి గట్టున మిగిలిపోయినవాళ్ళలో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. తమ్ముడు లోయ పట్టుకుని పాక్కుంటూ కొన్ని రోజుల తర్వాత ఒంటరిగా కోట చేరాడు. అన్న చేరలేదు. ఎలా పోయాడని గొలుసమ్మ ఒకే ఒక్కసారి అడిగింది. "మీ తలుపు ముందు పోయాడు," అని చెప్పి వెళ్ళిపోయాడు మరిది. అన్నని వదిలేసి ప్రాణం కాచుకున్నాడని ఆమె అతన్ని క్షమించలేదు. తలుపు మూసిందని అతను ఆమెని క్షమించలేదు. ఒకే పొయ్యి దగ్గర తిన్నవాళ్ళు పామూ ముంగిసా అయ్యారు.

ముసుగు దొరకి ఇదంతా వినోదంగా ఉన్నట్టుంది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసి అన్నాడు:

"కొండవాడు నది దగ్గరికి వెళ్తాడు. నది నిలిస్తే పీఠం ఇతనిది. దళం ఓడి వస్తే, బూర మోగిన వెంటనే వంతెన లేపు, పీఠం నీది. ఇంతకంటే న్యాయం ఏముంటుంది?"

పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అని తిట్టుకుంటూ బయటికి నడిచింది గొలుసమ్మ. మరిది ఓడాలని కోరుకుంటేనే ఆమెకి పీఠం. ఆ ముక్క దొర ఎంత తేలిగ్గా అన్నాడో తలుచుకుంటే ఒళ్ళు మండింది. అంతకంటే భయం వేసింది కూడా. ఎందుకంటే ఆ మాట విన్నప్పుడు ఆమె మనసు ఏదో ఒక మూల, ఒక్క క్షణం పాటు, సరేనంది.

మర్నాడు పొద్దున్నే బండోడిని వంతెన దాటించారు. ఎండలోకి వచ్చి చాలా కాలమైందేమో, రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. నిటారుగా నిలబడొచ్చని అతనికి వెంటనే తట్టలేదు. గొలుసమ్మ వెంట నడుస్తూ వీపు మీద తట్టింది.

"లేవరా. ఇక్కడ దూలం లేదు."

నెమ్మదిగా లేచాడు. కోట బురుజు సగం దాకా వచ్చాడు. దళంలో పందులన్నీ ఒక్కసారి గుర్రుమన్నాయి.

"పెద్ద ఉప్పురాయి మూటలో పెట్టాను. అడిగినప్పుడల్లా ఇవ్వకు, దాహం వేసి పని మానేస్తాడు," అంది మరిదితో.

"మాకు తెలీదనుకున్నారా?"

"తెలిస్తే మంచిదే. తిడితే పనిచెయ్యడు. కొడితే అసలు చెయ్యడు."

మరిది పందినెక్కాడు. కళ్ళాలు సర్దుకుంటూ ఆమెవైపు చూడకుండానే అన్నాడు: "మేం ఓడి రావాలని కోరుకుంటారు కదూ?"

ఆమె బండోడి మూట ముడి ఇంకోసారి బిగించింది. తలెత్తేలోపే దళం కదిలిపోయింది.

ఆ రోజంతా గొలుసమ్మ గుంపుని వదల్లేదు. చక్రం కమ్మీల దగ్గర వాళ్ళని జతలు జతలుగా నిలబెట్టి తోయించింది. వంతెన మూరెడు లేచేసరికి అందరికీ నాలుకలు బయటికొచ్చాయి. దించి మళ్ళీ తోయించింది. అరచేతులు పగిలినవాళ్ళకి గుడ్డ చుట్టింది. తను తిన్నదో లేదో తనకే తెలియదు.

"కాసేపు కూర్చోమ్మా," అంది గయ్యాళి. "నువ్విట్లా తిరుగుతుంటే చక్రం కంటే మాకు నువ్వే తిరుగుతున్నట్టుంది."

"నువ్వు పైకి పోయి మెట్ల మలుపు దగ్గర, బాణాల సందులోంచి చూస్తూ ఉండు," అంది గొలుసమ్మ. "ఏం కనపడితే అది అరిచి చెప్పు."

"బూర మోగుతుంది కదా?"

"బూర ఎత్తమంటుందే గానీ బయట ఎవరున్నారో చెప్పదు."

గయ్యాళి మెట్లెక్కింది.

రెండో రోజు ఎండ నడినెత్తిన ఉండగా పైనుంచి అరుపు వినపడింది. "దుమ్ము! నది వైపు దుమ్ము లేస్తోంది!" కాసేపటికి ఇంకో అరుపు. "పందులు! మనవే! ఓడి వస్తున్నారు!"

ఆ మాట పూర్తయ్యీ కాకముందే బూర మోగింది.

గుంపంతా కమ్మీల మీద చేతులు వేసింది. అందరూ గొలుసమ్మ వైపు చూశారు. ఆమె చెయ్యెత్తి ఆగమని సైగ చేసి, ఒక్క పరుగున మెట్లెక్కి సందులో మొహం పెట్టింది. ఎర్రటి దుమ్ములో పందులు చెల్లాచెదురుగా పరిగెత్తి వస్తున్నాయి. కొన్నింటి మీద ఇద్దరేసి. కొన్నింటి మీద ఎవరూ లేరు. వెనకాల తెల్లజెండాలు. ఆ గుర్రాల పరుగు ఎంత అందంగా ఉందంటే, ఇంకెప్పుడైనా అయితే నిలబడి చూసేది. దళంలో అందరికంటే వెనక ఒకడు మాటిమాటికీ వెనక్కి తిరిగి, పడిపోయినవాళ్ళని జీను మీదకి లాక్కుంటున్నాడు. ఎండలో కోర మీద ఇత్తడి మెరిసింది.

ఇప్పుడు ఎత్తడం మొదలుపెడితే దళంలో సగం గట్టునే మిగిలిపోతుంది. అందరికంటే వెనక ఉన్నవాడు మిగలక తప్పదు.

దిగి వచ్చి కమ్మీ పట్టుకుంది.

"వినండి. గట్టిగా మూలగండి. చెమటలు పట్టేలా తొయ్యండి. చక్రం మాత్రం కదలకూడదు."

"అంటే?" అన్నాడు ఒకడు.

"అంటే సగంమంది ఇటు తొయ్యండి, సగంమంది అటు తొయ్యండిరా మొద్దూ!"

గుంపులో ఒకడి తమ్ముడు దళంలో ఉన్నాడు. ఇంకొకతె మొగుడు ఉన్నాడు. సగంమంది గబగబా అటువైపు మారారు. చక్రం గదంతా మూలుగులతో నిండిపోయింది.

బూర రెండోసారి మోగింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. ముసుగు దొర స్వయంగా దిగి వచ్చాడు.

"ఎందుకు లేవలేదు?"

"బండోణ్ణి తమరే పంపారు కదా దొరా!" కమ్మీని భుజంతో నెడుతూనే అంది గొలుసమ్మ. "ముందే మనవి చేసుకున్నాను. చూడండి, మేం చస్తున్నాం, ఇది కదలట్లేదు."

దొర దగ్గరకి వచ్చాడు. ముసుగులోంచి చల్లటి ఊపిరి ఆమె మెడకి తగిలింది. గొలుసు మీద చెయ్యి వేశాడు. గొలుసు బిగుసుకుని వణుకుతోంది. ఇటు తోసేవాళ్ళూ అటు తోసేవాళ్ళూ నిజంగానే ప్రాణం పెట్టి తోస్తున్నారు. అతను కొరడా తీశాడు. మొదటి దెబ్బ ఆమె వీపు మీద పడింది. రెండోది పక్కవాడి మీద. ఎవరూ కమ్మీ వదల్లేదు. ఎటు తోసేవాళ్ళు అటే తోశారు.

అంతలో నెత్తి మీద పలకలు దడదడలాడాయి. పంది గిట్టల చప్పుడు ఒకటి, రెండు, ఆపైన వానలా.

"వచ్చారు!" మెట్ల మీదనుంచి గయ్యాళి గావుకేక పెట్టింది. "ఆఖరివాడు కూడా వచ్చేశాడు!"

"ఇటు!" అని అరిచింది గొలుసమ్మ. "అందరూ ఇటే!"

చక్రం కదిలింది. కానీ నత్తలాగే కదిలింది. ఆమె దొరకి చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. పైన ఇనుప నాడాల చప్పుడు వంతెన మీదకి ఎక్కింది. ఇక అయిపోయిందనుకునేంతలో మెట్ల మీదనుంచి దళంవాళ్ళు దొర్లుకుంటూ దిగారు. రక్తాలతో, బురదతో, వచ్చినవాడు వచ్చినట్టే కమ్మీకి భుజం ఆనించాడు. గొలుసమ్మ పక్కన ఎవరో ఆమెను నెట్టుకుంటూ దూరారు. పందుల వాసన.

"తొయ్యి వదినా! తొయ్యి!"

తోసింది. చక్రం గిర్రున తిరిగింది. పైన గుర్రం సకిలింపు, పలకల మీద నాడాలు జారిన చప్పుడు. తర్వాత వంతెన గోడకి కొట్టుకుని కోటంతా అదిరింది.

విచారణ అప్పటికప్పుడే పెరట్లో జరిగింది. బయట శత్రువు బాణాలు గోడలకి తగిలి రాలుతున్నాయి. లోపల ముసుగు దొర మరిదిని ముందు నిలబెట్టాడు.

"నువ్వు దిగేసరికి చక్రం బిగుసుకుని ఉందా, లేక వీళ్ళే బిగబట్టారా? నిజం చెప్పు. నది పోగొట్టినా పీఠం ఇంకా ఖాళీగానే ఉంది."

మరిది గొలుసమ్మ వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసింది దీనికోసమే. ఒక్క మాట చాలు. ఆమెని లోయలోకి తోసేస్తారు. అతను గోడల వెనక వెచ్చగా ఉంటాడు. గొలుసమ్మకి కూడా ఆ సంగతి తెలుసు. తల దించుకోలేదు. అతను ఏం చెప్పినా అతని కళ్ళలోకే చూస్తూ వినాలనుకుంది.

"బిగుసుకుంది దొరా," అన్నాడు మరిది. "మేమంతా కలిసి తోస్తేనే కదిలింది. బండోణ్ణి పట్టుకెళ్ళిన తప్పు నాదే."

దొర కొరడాని చేతికి చుట్టుకున్నాడు. అతను నమ్మలేదని అందరికీ తెలుసు. కానీ శత్రువు గుమ్మంలో ఉండగా ఉన్న కాస్త సేననీ లోయలో పారేసుకునేంత వెర్రివాడు కాదు.

"మంచిది," అన్నాడు చివరికి. "పీఠం మీ ఇద్దరిదీ కాదు. రాజధాని నుంచి మా మేనల్లుడు వస్తాడు. గొలుసమ్మా, నువ్వు వంతెన వదిలి పందుల దళంలో కాలిబంటువి. ఇతని కింద. ఇతని మాట జవదాటితే ఇతనే నిన్ను శిక్షిస్తాడు."

పెరట్లో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

పందుల కొట్టంలో మరిది తన పందికి గాయాలు కడుగుతున్నాడు. గొలుసమ్మ వెళ్ళి గుంజకి ఆనుకుని నిలబడింది. వీపు మండుతోంది, కూర్చోలేకపోయింది.

"ఎందుకు చెప్పలేదు?" అంది.

"నువ్వెందుకు ఎత్తలేదు?"

"ఈసారి పైకెక్కి చూశాను కాబట్టి."

అతని చెయ్యి ఆగింది. "అంటే పోయినసారి..."

"కింద కిటికీ ఉందనుకున్నావా? బూర మోగింది, తిప్పాం. తర్వాత పైకి వచ్చి చూస్తే... ఎవరు బయటున్నారో ఎత్తాకే తెలిసింది నాకు."

మరిది గుడ్డని పిండుతూ ఉండిపోయాడు. పిండడానికి అందులో చుక్క నీళ్ళు లేవు.

"అన్నకి తెలుసు," అన్నాడు. "మోకాలు విరిగింది వదినా. లోయ దిగలేడు. నేను మోస్తానంటే రాయి తీసి కొట్టబోయాడు, పొమ్మని. నేను నిన్ను బూతులు తిడుతుంటే నోరు మూయించాడు. 'దాన్ని అనకు. అది గుంతలో ఉంటుంది, దానికేం కనపడదు' అన్నాడు. నీకు చెప్పమన్నాడు."

"ఎప్పుడు చెప్దామనుకున్నావు?"

"చెప్దామనుకోలేదు. నీమీద కోపం పోతే ఇక నాకేం మిగలదనిపించింది."

గొలుసమ్మ ఏడవలేదు. ముందుకొచ్చి అతని చెంప మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే ఇచ్చింది. పక్కనున్న పందులు బెదిరాయి. తర్వాత అతని చేతిలోని గుడ్డ లాక్కుని, నీళ్ళలో ముంచి, పంది పక్కటెముకల మీది గాయం తనే తుడవడం మొదలుపెట్టింది. అతను చెంప తడుముకుంటూ కుండ పట్టుకుని నిలబడ్డాడు.

"బండోడు ఏమయ్యాడు?" అంది గాయం తుడుస్తూనే.

"నది మధ్యలోకి వెళ్ళి కూర్చున్నాడు. యుద్ధం మొదలైనా లేవలేదు. అరిచాం, ఉప్పు చూపించాం, కాళ్ళు పట్టుకున్నాం. చల్లగా ఉందంట."

"చంపేశారా?"

"ఎక్కడ! వాళ్ళ గుర్రాలు అతన్ని చుట్టి వచ్చి మమ్మల్ని తరిమాయి."

తెల్లజెండాల సేన కోట ముందు ఎక్కువకాలం ఉండలేదు. ఒకరోజు తెల్లారేసరికి గుడారాలు లేవు. వాళ్ళకి కావలసింది నిద్రపోని రాజు. ఈ కోట దారిలో తగిలిన ముల్లు మాత్రమే. ముసుగు దొర గబ్బిలమెక్కి రాజధానికి ఎగిరిపోతూ, దళాన్ని వాళ్ళ వెనకే రమ్మన్నాడు. దారిలో కొండవాడిని పట్టుకుని రమ్మని కూడా చెప్పాడు.

గొలుసమ్మకి నప్పే శిరస్త్రాణం దొరకలేదు. కోరలకి అడ్డం పడే దాన్నే పెట్టుకుని, మరిది వెనక జీను మీద కూర్చుంది. కాలిబంటు నడవాలి కదా అని ఎవరూ అనలేదు. దారిపొడవునా ఆమె కుదురుగా కూర్చున్నది లేదు. పంది ఇటు ఒరుగుతోందంటుంది, పట్టీ వదులైందంటుంది, ముందు ఆ పొద దగ్గర ఏదో కదిలిందంటుంది.

"నాయకుణ్ణి నేనా నువ్వా?" అన్నాడు మరిది.

"నువ్వే నాయనా. పట్టీ మాత్రం బిగించు."

బండోడు నదిలోనే ఉన్నాడు. లోతులేని నీళ్ళలో కూర్చుని, చేతికి దొరికిన చేపని తింటున్నాడు. అతని వీపు నిండా పాత గూని. కానీ మెడ మాత్రం ఎత్తి పైనున్న ఆకాశాన్ని చూస్తున్నాడు. గొలుసమ్మ దిగి నీళ్ళలోకి నడిచి అతని మోచేతి మీద చెయ్యి వేసింది.

"వస్తావా?"

బండోడు తల అడ్డంగా ఊపాడు. కాసేపు ఆలోచించి, పట్టిన చేపల్లో పెద్దది ఆమెకిచ్చాడు.

ఆమె గట్టుకి వచ్చింది. దళమంతా మరిది ఏమంటాడా అని చూస్తోంది. అతను దూరాన రాజధాని వైపు లేస్తున్న పొగని చూశాడు. ఆ పొగలోకి వెళ్ళేవాళ్ళలో ఎంతమంది తిరిగొస్తారో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"వరదొచ్చింది. కొట్టుకుపోయాడు," అన్నాడు.

"ఏం వరద? మోకాళ్ళ పైదాకా కూడా తడవలేదు నేను," అంది గొలుసమ్మ.

"దొర వచ్చి కొలుస్తాడా ఏంటి? మొదటి అబద్ధానికి చెమటలు పట్టాయి గానీ, రెండోది బాగానే వచ్చింది. ఎక్కు వదినా, పొద్దుపోతోంది."

ఆమె చేపని జీనుకి వేలాడదీసి ఎక్కింది. దళం నది దాటింది.